రాత్రిది రాత్రికి, పగటిది పగటికి

అద్దాల బల్ల మీది శాంపిల్ డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి, అంచుల్లో గడ్డకట్టిన క్రీమును దూదితో తుడిచి, మళ్లీ మూతలు పెడుతోంది ఆమె. ఎడమవైపు పగటి క్రీములు, కుడివైపు రాత్రి క్రీములు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఇదే షాపు, ఇదే కౌంటరు. ఆ అంతస్తులో అందరూ ఆమెను క్రీములక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

యాభై మూడేళ్ల మనిషి. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా తేలాయి. కౌంటరు వెనక కుర్చీ వేసుకోనివ్వరు. రెండు బుగ్గల మీదా మంగు. రెండో కాన్పు తర్వాత వచ్చింది. బిడ్డ దక్కలేదు గానీ మంగు మాత్రం నిలిచిపోయింది. రోజూ పొద్దున్నే దాని మీద రెండు పూతల పౌడరు వేసుకుని, మచ్చలు పోగొట్టే క్రీములు అమ్మడానికి వస్తుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నది ఇలాంటి ఉద్యోగం చూసే పుట్టి ఉంటుంది. బస్సు కండక్టరుగా చేసి ఇంటిపట్టున ఉంటున్న మొగుడు, "నీ డబ్బాలు నీకే పనిచేయవేంటే?" అని నవ్వుతాడు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది?

ఈమధ్యే అంతస్తుకు కొత్త సూపర్‌వైజరు వచ్చింది. క్రీములక్క కూతురి వయసు పిల్ల. గోళ్లు, జుట్టు, మాట, అన్నీ నున్నగానే ఉంటాయి. పోయిన నెల మీటింగులో అందరి ముందూ, "ఈ కౌంటర్లో మొహమే మన బోర్డు ఆంటీ. తేడా వస్తే కింద ప్యాకింగులోకి పంపాల్సొస్తుంది" అంది. మెత్తగానే అంది. అప్పటినుంచి క్రీములక్క మూడో పూత కూడా వేస్తోంది.

షాపు తెరిచిన పది నిమిషాలకు ఒకామె వచ్చింది. ముదురాకుపచ్చ ఆయా దుస్తులు, ముక్కు పైదాకా చుట్టుకున్న చున్నీ. అటూ ఇటూ చూసి చున్నీ కిందికి దించింది. బుగ్గలూ గడ్డమూ ఎర్రగా కమిలిపోయి, తోలు అక్కడక్కడా ఉల్లిపొరలా లేచి ఉంది.

"గుర్తుపట్టారా అక్కా? మూడు వారాల కింద రెండు డబ్బాలు తీసుకెళ్లాను."

క్రీములక్క గుర్తుపట్టింది. ఆ రోజు కౌంటరు దగ్గర జనం ఉన్నారు. ఈ ఆయా ఒకటికి రెండుసార్లు అడిగింది: "నాది పిల్లల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ అక్కా. పగలంతా పడుకుంటాను. మరి ఏది ఎప్పుడు రాసుకోవాలి?" పక్కన సెంటు వాసన గుప్పుమంటున్న ఇంకొకావిడ వాచీ చూసుకుంటోంది. క్రీములక్క ఆవిడ వైపు చూస్తూనే ఆయాకు జవాబిచ్చింది. "పేరు మీదే ఉంది కదమ్మా! రాత్రిది రాత్రికి, పగటిది పగటికి." ఆ మాటకు సెంటావిడ నవ్వింది. ఆయా కూడా నవ్వింది, ఆవిడ నవ్వింది తనను చూసేనని తెలియక.

"మీరు చెప్పినట్టే చేశానక్కా," అంది ఆయా. "డ్యూటీ ఎక్కేముందు రాత్రి క్రీము రాసుకునేదాన్ని. పొద్దున గంటసేపు నడిచి ఇంటికెళ్లి మొహం కడుక్కుని, పగటి క్రీము రాసుకుని పడుకునేదాన్ని. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు."

క్రీములక్కకు తెలిసింది. రాత్రి క్రీము నిద్రకు తోడుగా రాసుకునేది, ఆ మొహం ఎండ చూడకూడదు. పగటి క్రీము ఎండకు అడ్డు పెట్టుకునేది. ఈ మనిషికి నిద్ర వచ్చేది పగలు. రాత్రి క్రీము మొహంతో పొద్దున్నే ఎదురెండలో గంటసేపు నడిచి ఇంటికెళ్లి, ఎండను ఆపే క్రీము రాసుకుని, కిటికీలు మూసిన గదిలో పడుకుంది. మూడు వారాలు ఒక్క రోజు కూడా తప్పకుండా. "పడుకునే ముందు ఇది, ఎండలోకి వెళ్లే ముందు అది" అని ఆ రోజు ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కొత్తగా చేరిన పిల్లలందరికీ ఆ పాఠం నేర్పేది క్రీములక్కే.

"మా సిస్టరమ్మ ఇది అంటురోగమేమో అంటోందక్కా. పసిపిల్లల్ని ఎత్తుకోనివ్వట్లేదు. తల్లులు భయపడుతున్నారంట. అంటుకునేది కాదు, క్రీము వల్ల వచ్చిందని ఒక్క ముక్క రాసివ్వండి. ఇవాళ చూపించకపోతే నా బదులు వేరే మనిషిని పెట్టుకుంటారు."

"ఏంటి ఆంటీ? ఏమన్నా కంప్లైంటా?" అంటూ సూపర్‌వైజరు వచ్చి పక్కన నిలబడింది.

క్రీములక్క తేలు కుట్టిన దొంగలా, బిగించి ఉన్న డబ్బా మూతనే మళ్లీ బిగించింది. తర్వాత ఇరవై ఒక్క ఏళ్లుగా అరిగిపోయిన గొంతు తనంతట తానే మాట్లాడింది. "మా క్రీముల్లో తేడా ఉండదమ్మా. మీరు రాసుకోవడంలోనే ఏదో తేడా వచ్చుంటుంది. డాక్టరుకి చూపించుకోండి."

ఆయా ఆమె మొహంలోకి చూసింది. "అంతే అయ్యుంటుందిలే అక్కా. నాకే తెలివి చాల్లేదు," అంది. చున్నీ ముక్కు మీదికి లాక్కుని, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను" అని వెళ్లిపోయింది.

"బాగా మాట్లాడారు ఆంటీ," అని సూపర్‌వైజరు భుజం తట్టింది. ఇన్నేళ్లలో ఆ షాపులో ఎవరూ క్రీములక్కను మెచ్చుకున్నది లేదు. దక్కిన ఆ ఒక్క మెచ్చుకోలుకు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, మళ్లీ పెట్టేసింది. కౌంటరుకు వచ్చిన ప్రతి మనిషినీ, "మీరు ఎప్పుడు పడుకుంటారండీ?" అని అడగడం మొదలుపెట్టింది. ఒక ముసలావిడకు ఒళ్లు మండి, "నేనెప్పుడు పడుకుంటే నీకెందుకమ్మా?" అని దులిపేసి పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అది క్రీములక్కకూ తెలుసు. అయినా అడుగుతూనే ఉంది. ఎంతమందిని అడిగినా, పొద్దుటి ఆ కమిలిన మొహం ముందు తన మొహం చెల్లడం లేదు.

అయిదింటికి ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసింది. ఇది అంటురోగం కాదు. ఎండలో ఉండకూడని క్రీముతో ఎండలో తిరగడం వల్ల వచ్చింది. అలా రాసుకోమని చెప్పింది నేనే. ఈమె తప్పు ఏమీ లేదు. కింద తన అసలు పేరు పెట్టి సంతకం చేసింది. చాన్నాళ్ల తర్వాత రాసిన పేరు, చూస్తే ఎవరిదోలా అనిపించింది.

"పొద్దున వచ్చినామెది నా తప్పేనమ్మా. వెళ్లి చెప్పొస్తాను," అంది సూపర్‌వైజరుతో.

ఆ పిల్ల కాగితం చదివి మొహం మాడ్చుకుంది. "ఇది బయటికెళ్తే నేను చేయగలిగిందేమీ ఉండదు ఆంటీ. రేపట్నుంచి కిందకే."

"ప్యాకింగులో కూర్చోడానికి కుర్చీ ఉంటుందిలేమ్మా," అని క్రీములక్క సంచీ భుజానికి తగిలించుకుంది.

ఊళ్లో ఉన్న ఒక్క పిల్లల ఆసుపత్రిలో, మూడో అంతస్తులో పసిపిల్లల వార్డు. ఫినాయిలు వాసన, పాల వాసన కలిసిపోయి ఉన్నాయి. పెద్ద నర్సు కళ్లజోడు సర్దుకుని కాగితం రెండుసార్లు చదివింది.

"ఇది పొద్దున ఇచ్చుంటే సరిపోయేది కదమ్మా," అంది. కోపంగా అనలేదు. "మూడింటికి వచ్చి, షాపులో కాగితం ఇవ్వలేదని తనే చెప్పేసింది. మేం కొత్తామెను పెట్టేసుకున్నాం. అరగంట కిందటిదాకా ఇక్కడే ఉంది. కొత్తామెకు పనంతా చూపించి మరీ వెళ్లింది."

"ఎక్కడికండీ?"

నర్సుకు తెలియదు. ఆయాల గది ముందు పాలసీసాలు కడుగుతున్న ఒక పెద్దావిడను అడిగితే, "అక్క దగ్గరికి పోతానంది. ఏ ఊరో మేం అడగలేదు. ఫోనా? దానికి ఫోనెక్కడిదమ్మా," అంది. తర్వాత చేయి ఆపి ఎగాదిగా చూసింది. "షాపామె మీరేనా? మీరు మంచిగానే చెప్పారంట, తనే తప్పుగా రాసుకుందంట. పోతూ పోతూ కూడా మిమ్మల్ని ఒక్క మాట అననివ్వలేదు."

క్రీములక్క సిగ్గుతో చితికిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. శాపనార్థాలు పెట్టి పోయినా భరించేది.

"లేదు పెద్దమ్మా. తప్పు నాది. నేనే సరిగా చెప్పలేదు," అంది.

పెద్దావిడ తలూపింది. లోపల ఏదో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు తుడుచుకుని అటు వెళ్లింది. ఆ మాట వినాల్సిన మనిషి వెళ్లిపోయింది. క్రీములక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, చేత్తో పట్టుకునే నిలబడింది.

ఆయాల గది గుమ్మం పక్కన, వార్డులోకి వేసుకునే రబ్బరు చెప్పులు ఎవరివి వాళ్లు విడిచినచోటే పడి ఉన్నాయి. ఒక్క జత మాత్రం, తర్వాత వచ్చే మనిషి కోసం, సబ్బుతో శుభ్రంగా కడిగి గోడకు ఆనించి ఉంది. వాటి కిందికి జారిన నీళ్లు ఇంకా ఆరలేదు.