కొత్తపేట మీద మలుపు

సత్తిబాబు రిసీవరు చెవికి ఆనించుకుని, నిలబడే రాసుకుంటున్నాడు. పక్కన కుర్చీ ఉంది గాని అందులో అయిదు నిమిషాలకు మించి కూర్చోలేడు. అవతల ఎవరో ట్యూషన్ మాస్టారు అరుస్తున్నాడు.

"పరీక్షలు దగ్గిరికొచ్చేసేయండీ. మీ ఇమానం నెత్తిమీంచి ఎల్తే సాలు, పిల్లలు పుస్తకాలొగ్గేసి బయటికి పరిగెడతన్నారు. ఆళ్ళకి నానేటి సెప్పాలి?"

"రాసుకున్నానండి. సార్‌కి సెప్తానండి."

టైము, ఊరు, ఫిర్యాదు. మూడు గళ్ళూ నింపి పెన్ను మూశాడు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. మళ్ళీ నడిచాడు.

చోడవరానికి అవతల, చెరుకు తోటల మధ్య ఉంది ఆ పైలట్ల శిక్షణ స్కూలు. ఒక చిన్న రన్‌వే, మొదట్లో ఒంటి ఇంజను విమానాలు నాలుగు. సత్తిబాబు ఇరవై ఏళ్ళు అనకాపల్లి రోడ్డు మీద ఆటో నడిపాడు. మోకాలు పాడై బ్రేకు తొక్కలేకపోయాక ఇక్కడ గేటు కాపలాకి చేరాడు. విమానాల మోత మీద చుట్టుపక్కల ఊళ్ళు గొడవ మొదలుపెట్టడంతో స్కూలువాళ్ళు గేటుకి ఫోను నంబరు రాసిన బోర్డు కట్టారు. ఆ ఫోను దగ్గర ఎవరుండాలంటే మేనేజరు ఇంతియాజ్ వేలు సత్తిబాబు వైపే చూపించాడు. "నీకు కోపం రాదయ్యా" అన్నాడు.

సత్తిబాబుకి కోపం రాకపోలేదు. అది నోటికి రాకుండా కాళ్ళలోకి దిగేది. తిట్లు విన్నప్పుడల్లా కంచె పొడుగునా కుంటుతూ తిరిగేవాడు. రాత్రి భార్య రేవతి మోకాలికి కాపడం పెడుతూ, "కూకుని సేసే పనని కదా ఎల్లేవు" అని విసుక్కునేది.

ఒక్కొక్క ఫిర్యాదుకీ ఒక్కొక్క కోత పడింది. గేదెలు బెదిరి పాలివ్వడం లేదంటే పొద్దున్న ఎనిమిదికి ముందు ఎగరడం ఆపేశారు. తర్వాత ఆదివారాలు మానేశారు. సాయంత్రాలూ పోయాయి. కుర్రాళ్ళకి గాలిలో గడపాల్సిన గంటలు పూర్తికాక చాలామంది వేరే ఊరి స్కూళ్ళకు వెళ్ళిపోయారు. పోయిన నెలలో రెండు విమానాలు వాళ్ళ వెనకే పోయాయి. సత్తిబాబుని ఒక్కసారి విమానం ఎక్కిస్తానని ఇంతియాజ్ చేరిన కొత్తలో అన్నాడు. ఇప్పుడు అడగడానికి సత్తిబాబుకే మొహమాటంగా ఉంది.

గడియారం పదికి దగ్గరపడింది. కొత్తపేట అప్పలనరసమ్మ ఇంకా ఫోను చెయ్యలేదు.

విమానం లేచాక మొదటి మలుపు తిరిగేది సరిగ్గా కొత్తపేట మీదే. అప్పలనరసమ్మ మొగుడు పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. మాట లేదు. మోత వినబడితే ఒళ్ళంతా అదిరి, కదిలే ఆ ఒక్క చేత్తో మంచం పట్టె పట్టుకుంటాడట. మొదట్లో ఆవిడ, "మీ రెక్కలిరిగిపోనూ" అంటూ మొదలుపెట్టేది. ఓ రోజు ఏం చెప్పాలో తోచక సత్తిబాబు, "అమ్మా, పదిన్నరకి ఇంకోటొస్తాది. ఆ టయానికి ఆయన సెయ్యట్టుకుని కూకో" అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ తొమ్మిదింటికే ఫోను చేసేది. అతను ఆ రోజు విమానాలు లేచే టైములు చదివేవాడు. అన్నీ విని, "సరే బాబూ. ఫిర్యాదు మాత్తరం రాసుకో" అనేది. రాసుకునేవాడు.

పదకొండింటికి ఇంతియాజ్ పిలిచాడు. టేబుల్ మీద ఒక టైపు కాగితం ఉంది.

"రేపు ఆర్డీవో ఆఫీసులో విచారణ. ఫిర్యాదులు అరవై మూడు. అందులో నలభై ఒకటి ఆ కొత్తపేట ఆవిడవే. మలుపు మార్చమంటారు. అటు కొండ, ఇటు కరెంటు టవర్లు, ఎటు మార్చను?" కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "తనకి అభ్యంతరం లేదని దీని మీద వేలిముద్ర వేయించుకురా. నీ మాటంటే ఆవిడకి గురి. లేకపోతే ఈ రెండు విమానాలూ పోతాయి. నువ్వూ, నేనూ పోతాం."

సత్తిబాబు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని షేరాటో ఎక్కాడు. కొత్తపేట మొగలో దిగుతుండగా విమానం వచ్చింది. గేటు దగ్గర నుంచి చూస్తే అది ఎప్పుడూ చిన్నదే. ఇక్కడ రెక్క వాల్చి తిరుగుతుంటే ఆ మోత తలలోకి దిగింది. ఆటో కమ్మీ పట్టుకున్న చెయ్యి వదలడానికి కాసేపు పట్టింది.

ఇల్లు అడగక్కర్లేకపోయింది. వాకిట్లో నీళ్ళు పారబోసి ఉన్నాయి. నులక మంచం గోడకి నిలబెట్టి ఉంది. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. మగవాళ్ళెవరూ ఇంకా శ్మశానం నుంచి వచ్చినట్టు లేదు.

"అప్పలనరసమ్మ గారు..." అన్నాడు సత్తిబాబు.

తడి తలతో ఉన్న ఓ బక్కపల్చటి మనిషి తలెత్తింది. "సత్తిబాబువా? గొంతట్టి తెలిసింది."

అతను చెప్పులు విప్పి అక్కడే నిలబడిపోయాడు.

"తెల్లారగట్ట పోనాడు బాబూ. నాలుగైంది. ఆ టయానికి మీయి ఎగరవు కదా. నిమ్మళంగానే పోనాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వేటి, పనిమాలా వచ్చేవు?"

"ఫోను రాలేదని, సూసి పోదారని."

అదీ అబద్ధం కాదు. ఆవిడ చూపు అతని జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం మీద పడింది.

"మీవోళ్ళు ఏదైనా రాసిచ్చేరా? ఇయ్యి, ఏలిముద్ర ఏసేస్తాను. ఇంక నాకెందుకు ఈ గొడవ?"

సత్తిబాబు చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అప్పుడే రెండో విమానం వచ్చింది. అరుగు చివర కూర్చున్న పక్కింటి కనకదుర్గ ఒళ్ళో పసిబిడ్డ ఉలిక్కిపడి కెవ్వుమంది. కనకదుర్గ గబగబా బిడ్డ చెవులు రెండు అరచేతులతో మూసింది. అప్పలనరసమ్మ చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే పక్కకు జరిగింది. ఖాళీ అరుగుని తడిమి, ఆగి, వెనక్కి వచ్చింది.

మోత దూరమైంది.

"ఇదా? మా ఇంటి కరెంటు బిల్లమ్మా" అన్నాడు సత్తిబాబు. కాగితాన్ని జేబు అడుక్కి తోశాడు.

వీధిలోకి వచ్చి ఇంతియాజ్‌కి ఫోను చేశాడు.

"వేసిందా?"

"ఆవిడ పెనిమిటి పోనాడండి. నాను అడగలేదండి."

"అడిగితే వేసేదేమో కదయ్యా."

"ఏసేదండి. అందుకే అడగలేదండి. ఆ మలుపు కింద ఇంకా మనుషులున్నారు సార్."

"సరే. నలభై ఒకటీ అలాగే ఉంచు. ఈ నెలాఖరుకి సామాన్లు సర్దుకుందాం" అని ఇంతియాజ్ పెట్టేశాడు.

రేవతికి ఏం చెప్పాలో ఆలోచిస్తూ సత్తిబాబు వీధిలో అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. చెప్పుల కోసం మళ్ళీ వాకిట్లోకి వచ్చి వంగాడు. లోపల గదిలో ఇన్నాళ్ళూ మంచం ఉన్న మేర గచ్చు కాస్త తెల్లగా కనబడింది. దాని పక్క కిటికీ గట్టు మీద ఒక పౌడరు డబ్బా మూత ఉంది. అందులో కొబ్బరినూనెతో తడిపిన, రోజూ వాడి వాడి రంగు మారిన దూది ఉండలు రెండు, చెవిలో ఒదిగిన వంకరతోనే, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.