బటన్ లేని రోడ్డు

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, అరవై నాలుగో ఏట పలక పట్టాను. ఒత్తులు ఇంకా నా మాట వినవు. ఈ కాస్త రాయడానికి పది రోజులు పట్టింది. ‘నేను’ అని రాయాలంటే సిగ్గేసి ‘మల్లేశ్వరి’ అని రాశాను.

హనోయ్‌లో మొదటి పొద్దు. హోటల్ మెట్లు దిగితే ఎదురుగా ఉన్నది రోడ్డు కాదు, స్కూటర్ల ఏరు. అవతలి గట్టున పడవల రేవుకు పోయే బస్సు ఆగి ఉంది. ఏడున్నరకు కదులుతుంది. ఇంకా పది నిమిషాలే. మనవరాలు నిధి ఆ పడవ షికారు కోసమే ఆర్నెల్లుగా కలలు కంటోంది. వేరే రోజుకు టికెట్లు లేవు.

ఆ నిధి ఇప్పుడు కరెంటు స్తంభం చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది.

“ఏం వెతుకుతున్నావే?”

“బటన్, అమ్మమ్మా. ప్రెస్ చేస్తేనే కదా బళ్ళు ఆగి, మనకి వాక్ సైన్ వస్తుంది!”

మల్లేశ్వరికి నవ్వాగలేదు. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఈ పిల్లే రోజూ ఆఫీస్‌కి వెళ్తూ, “ఒక్కదానివే రోడ్ క్రాస్ చేయకు” అని చెప్పి పోతుంది. అక్కడ పాల డబ్బా తేవాలన్నా కారెక్కాల్సిందే.

“అది మన ఫ్రిస్కోలో, తల్లీ. ఇక్కడ నీ అడుగే బటన్. పట్టు నా కొంగు.”

“నో నో, చచ్చిపోతాం!”

“బెజవాడ మార్కెట్ రోడ్డు ముప్పై ఏళ్ళు నెత్తిన ఆకుకూరల గంపతో దాటాను. చచ్చానా? గంప మోసే మనిషి ఆగకూడదు, ఉరకకూడదు. ఒకటే నడక. వాళ్ళే చూసి తప్పుకుంటారు.”

మల్లేశ్వరి చెయ్యెత్తి రోడ్డు మీదికి దిగింది. స్కూటర్లు రెండు పాయలయ్యాయి. సగంలో నిధి కొంగు పట్టి వెనక్కి లాగింది.

“వెనక్కి తగ్గితే వాళ్ళ లెక్క తప్పుతుందే, నడు!”

స్కూటర్‌కి గుడ్ల అట్టలు కట్టుకున్న ఒకావిడ మోచేతి దూరంలో నవ్వుతూ పోయింది. గట్టెక్కారు.

తిరిగి చూస్తే, హోటల్ ముందు ఇద్దరు ముసలి దొరలు, మొగుడూ పెళ్ళాలు, అవే టికెట్లు పట్టుకుని అదే స్తంభాన్ని తడుముతున్నారు. ఇక్కడ డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

“నిధీ, ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడు. తలుపెలా వేస్తాడో చూద్దాం. నేను వాళ్ళని తీసుకొస్తా.”

“అమ్మమ్మా, ఒక్కదానివే...” అని అలవాటుగా మొదలెట్టి, నిధి నాలిక్కరుచుకుంది. “సరే, వెళ్ళిరా.”

మల్లేశ్వరి మళ్ళీ ఏట్లోకి దిగింది. వచ్చేటప్పుడు ఆమె కొంగు పట్టుకుని దొరసాని, దొరసాని సంచి పట్టుకుని దొర. నిధి మెట్టుకూ నేలకూ మధ్య ఊగుతూ చప్పట్లు కొట్టింది.

బస్సు ఏడూ ముప్పై నాలుగుకు కదిలింది.

నాగమల్లేశ్వరి, అరవై తొమ్మిదేళ్ళు, ఫ్రిస్కో, టెక్సాస్.