ఫ్లెక్సీల తెల్ల వైపు

సారయ్య చెరుకు రసం బండిని మున్సిపాలిటీ స్క్వాడ్ లారీలోకి ఎత్తుతుంటే మేమందరం చూస్తూనే ఉన్నాం. మిషను ఒక పక్కకు ఒరిగింది. చక్రం ఊడి రోడ్డు మీద దొర్లింది. ముసలి సారయ్య దాని వెంట పరిగెత్తాడు. ఆ పక్కనే నాగేశ్వరి గారి ఇడ్లీ బండి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో అమీర్‌పేటలో ఎవర్ని అడిగినా చెబుతారు.

మా గల్లీలో బండ్ల కప్పులన్నీ పాత ఎన్నికల ఫ్లెక్సీలే. ఎన్నికలయ్యాక నాయకుల మొహాలు మాకు ఎండకూ వానకూ అడ్డం పడతాయి. వాళ్ల వల్ల మాకు జరిగిన మేలు అదొక్కటే. సారయ్య కప్పు మీద గంట పార్టీ ఉంది, నాగేశ్వరి గారి కప్పు మీద గొడుగు పార్టీ ఉంది. ఈసారి గెలిచింది గొడుగు. అంతే సంగతి.

కోచింగులకొచ్చిన పిల్లల్లారా, మీరు ఆ ఇడ్లీలు తినే క్లాసులకు పోయారు. అందుకే మీకు చెబుతున్నాను. నేను మెట్రో మెట్ల కింద పాత పరీక్షల పుస్తకాలు అమ్ముకునేవాణ్ణి.

ఆ సాయంత్రం జొన్న రొట్టెల సత్తెమ్మ బండి దగ్గర అందరం కూడాం.

"ఇయ్యాల సారయ్యది పోయింది, సోమవారం మల్ల వస్తరట, నాది పోతది" అంది సత్తెమ్మ. "బండి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఈ జాగ పోతే పట్నంల మనకేముంటది?"

మీటింగ్ వాసన తగలగానే రెండు పార్టీల డివిజన్ నాయకులూ దిగారు. గొడుగు పార్టీ హనుమత్ప్రసాద్ గారు, గంట పార్టీ సురేందర్. నిన్నటిదాకా ఒకరి పుట్టుక మీద ఒకరు మాట్లాడుకున్నవాళ్లు, మా ముందు చేతులు పట్టుకుని పైకెత్తారు.

"జెండాలు పక్కన పెట్టేశామమ్మా. సోమవారం లారీ వస్తే నేనూ సురేందర్ గారూ దాని ముందు కూర్చుంటాం" అన్నాడు హనుమత్ప్రసాద్.

"పేదోళ్ల కడుపు కాడ రాజకీయం లేదక్కా" అన్నాడు సురేందర్.

సత్తెమ్మ పెనం మీది రొట్టె తీసి రెండు ముక్కలు చేసింది. చెరొకటి చేతిలో పెట్టింది. "తినుండ్రి. ఒక్క రొట్టె పంచుకున్నోళ్లు మాట తప్పొద్దు. బల్కంపేట ఎల్లమ్మ చూస్తున్నది" అంది. తిన్నారు. తింటూ ఫొటోలు దిగారు. మా పిచ్చి జనం చప్పట్లు కొట్టారు.

సోమవారం లారీ వచ్చింది, వెనకే పోలీసు జీపు. నాయకులు లేరు. సత్తెమ్మ ఫోన్ చేసి మేమంతా వినేలా స్పీకర్ పెట్టింది.

"పంజగుట్ట చౌరస్తల ఉన్న అక్కా" అన్నాడు సురేందర్. "గొడుగోళ్లు మోసం చేసిండ్రు. ఇద్దరం కలిసి కట్టాల్సిన బ్యానర్ మీద మా లీడర్ ఫొటో చిన్నగ ఏసిండ్రు. గందుకే గీడ ధర్నా చేస్తున్నం."

"మా బండ్ల గురించా?"

"కాదక్కా, ఫొటో గురించి."

నాగేశ్వరి గారు హనుమత్ప్రసాద్‌కు చేసింది. ఆయన కూడా పంజగుట్టలోనే ఉన్నాడు. "ఏంటమ్మా, వాళ్లక్కడ మా దిష్టిబొమ్మ తగలబెడుతుంటే నేనొచ్చి మీ ఇడ్లీ బండికి కాపలా కాయాలా?" అని పెట్టేశాడు.

ఎర్రమంజిల్ దాకా ట్రాఫిక్ ఆగిపోయిందట. బస్సులు ఆగాయి, అంబులెన్సు ఆగింది. స్క్వాడ్ లారీ మాత్రం బల్కంపేట వైపు నుంచి హాయిగా వచ్చింది. తిన్న రొట్టె అరగకముందే ఇంత నీచానికి దిగిన మనుషులను తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

అంతలో రెండు పార్టీల కుర్రాళ్లూ బైకుల మీద కొత్త ఫ్లెక్సీలు తెచ్చారు. "గొడుగు కట్టుకోండ్రి, మన బండ్లు ముట్టరు" అని వీళ్లు. "గంట కట్టుకోండ్రి, రేపు గెలిచినంక జాగ పక్కా" అని వాళ్లు. మావాళ్లు ఎగబడ్డారు. కప్పులు పీక్కున్నారు, కాలర్లు పట్టుకున్నారు.

"నువ్వు గొడుగు కట్టుకుంటే నన్ను ఎత్తుకపొమ్మన్నట్టే గదనే" అని ఒకామె పక్కబండి ఆమెను నెట్టేసింది. లారీ వాళ్లు కిందికి దిగకుండా నవ్వుతూ చూశారు. సగం పని మేమే చేసిపెడుతున్నాం మరి.

నాగేశ్వరి గారి బండికి ఏ భయమూ లేదు. ఆమె కప్పు మీద గొడుగు అప్పటికే ఉంది. ఆమె కొబ్బరి కోసే కత్తి తీసుకుని స్టూల్ ఎక్కింది. తన ఫ్లెక్సీ తాళ్లు కోసి, దాన్ని తిరగేసి, మళ్లీ కట్టింది. పైన ఏ బొమ్మా లేదు. ఉత్త తెలుపు.

"సారయ్య బండి ఎత్తిన రోజు నేను తల దించుకుని చట్నీ రుబ్బాను" అంది దిగుతూ. "ఇంక నా వల్ల కాదు. ఎత్తితే అందరివీ ఎత్తమనండి."

సత్తెమ్మ తనదీ తిరగేసింది. మెల్లగా ఒక్కొక్కరూ తిరగేశారు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లగా అయిపోయింది. బండి పోయిన సారయ్య, మేం రాత్రిళ్లు చక్రాలకు వేసే గొలుసులు తెచ్చి బండికీ బండికీ కలిపి తాళాలు వేశాడు.

స్క్వాడ్ సారు ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "సార్, మనవేవో తెలుస్తలేవు" అన్నాడు. గల్లీ అంతా గొల్లున నవ్వింది. ఆయనకు కోపం నషాళానికి అంటింది. అన్నీ ఎత్తమన్నాడు. ఒకటి లాగితే పక్కది వచ్చింది, దాని వెనక ఇంకోటి. అప్పటికే హరిణి అనే అమ్మాయి, రోజూ సత్తెమ్మ దగ్గర రొట్టె తినే పిల్ల, క్లాసు సగంలో వదిలి, తోటి పిల్లల్ని వెంటేసుకుని కోచింగ్ మెట్లు దిగి వచ్చింది. పిల్లలంతా లారీ ముందు కూర్చున్నారు.

లారీ ఖాళీగా పోయింది. పోలీసులు మాత్రం ఖాళీ చేతులతో పోలేదు. సత్తెమ్మ రెక్క పట్టుకున్నారు.

"నాగేశ్వరమ్మా, పిండి కలిపిన. రొట్టెలు నువ్వు చెయ్యి" అంది జీపు ఎక్కుతూ.

"నాకు జొన్న రొట్టె రాదే."

"నేర్చుకో. ఇంక కలిసే ఉండాలె గదా."

సాయంత్రానికి రెండు పార్టీలూ మళ్లీ వచ్చాయి, సిగ్గు లేకుండా. చెరొక పెద్ద ఫ్లెక్సీ: 'సత్తెమ్మకు అండగా'. ఒకదాని మీద హనుమత్ప్రసాద్, ఇంకోదాని మీద సురేందర్, నిలువెత్తు. మూలన తపాలా బిళ్లంత సత్తెమ్మ.

"ఇవ్వండి బాబూ" అని నాగేశ్వరి గారు రెండూ తీసుకుంది. పక్కపక్కన పెట్టి కుట్టింది. హరిణి సత్తెమ్మ పొయ్యిలోని బొగ్గుతో తెల్ల వైపు రాసింది: సత్తెమ్మను విడవండి. మా జాగ మాది.

దాన్ని పట్టుకుని ఠాణాకు బయలుదేరాం. నాయకులిద్దరూ ముందు వరుసలోకి దూరబోయారు.

"ఎనకకు రాండ్రి సార్" అన్నాడు సారయ్య. "ముంగట జాగ లేదు."

రాతలు రోడ్డు వైపు ఉన్నాయి, నాయకుల మొహాలు మా వైపు. దారి పొడుగునా, అడుగు వేసినప్పుడల్లా, మా మోకాళ్లు వాళ్ల మొహాలకు తగులుతూనే ఉన్నాయి. ఎవరూ నడక ఆపలేదు.