బెల్టు మీద రెండో నడక

చావింటి నుంచి నేరుగా ఇంటికి పోకూడదు. దారిలో ఎక్కడైనా కాసేపు ఆగితే, వెంట వచ్చిన చనిపోయినవాళ్ల ఆత్మ అక్కడే ఉండిపోతుంది. మనీలాలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. ఓడ నేస్తం తాసియో శవం దగ్గర రాత్రంతా కూర్చుని, అన్సెల్మో పొద్దున్నే బయల్దేరాడు. ఎప్పుడూ ఆగే గంజి కొట్టు దగ్గర ఆగలేదు. మళ్లీ ఓడెక్కే ముందు చేసే గుండె పరీక్షకు ఖాళీ కడుపుతో రమ్మన్నారు. అందుకని ఈసారికి ఆసుపత్రిలో ఆగితే సరిపోతుందనుకున్నాడు.

ఛాతీకి వైర్లు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కించాక గుర్తొచ్చింది. పోయినేడు తాసియో నడిచింది కూడా దీని మీదే. "గుండె పట్టేసిందిరా. పళ్లు బిగబట్టి, బాగానే ఉందన్నాను. మిషను గీసిన గీతల్లోనూ ఏం దొరకలేదు" అని తర్వాత నవ్వుతూ చెప్పాడు. చివరికి ఓడ ఇంజిన్ గదిలోనే కూలిపోయాడు.

"నిచ్చెనలెక్కే మనిషివి, అప్పుడే ఆయాసమా అన్నా?" పరీక్ష చేసే మిరాసోల్ వేళాకోళమాడింది. "మా ఆయన నీకన్నా లావు. అయినా నీకన్నా నయం."

"అయితే ఆయన్నే ఓడెక్కించు తల్లీ."

"ఎక్కిస్తే నాకూ హాయే!" అంటూ వేగం పెంచింది.

అప్పుడు వినబడింది. తన బూట్ల చప్పుడు వెనకే రబ్బరు చెప్పుల చప్పుడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. ఏళ్ల తరబడి ఓడలో విన్న నడక.

"ఛాతీలో నొప్పేమైనా ఉందా అన్నా?"

ఉంది. దవడ దాకా పాకుతోంది. ఉందంటే సోమవారం ఓడ తను లేకుండానే పోతుంది. మళ్లీ ఏ ఓడా ఎక్కనివ్వకపోవచ్చు.

"బాగానే..." అన్నాడు.

"...ఉంది" అని చెవి వెనక ఎవరో పళ్లు బిగబట్టి పూర్తి చేశారు.

"లేదు! నొప్పిగా ఉంది. ఆపమ్మా, ఆపు!"

మిరాసోల్ ముఖంలో నవ్వు పోయింది. మిషను ఆపి, అతన్ని పక్క మంచం మీద పడుకోబెట్టి, డాక్టరు కోసం పరుగెత్తింది.

బెల్టు ఆగింది. చెప్పుల చప్పుడు ఆగలేదు.

తను చేసిన పని అన్సెల్మోకి అప్పుడు అర్థమైంది. గంజి కొట్టు దగ్గర వదలాల్సినవాణ్ణి తెచ్చి, వాడు అబద్ధం చెప్పిన చోటే వదిలేశాడు. ఇక వాడు ఎప్పటికీ నడుస్తూనే ఉంటాడు.

"దిగరా తాసియో" అన్నాడు మెల్లగా. "నేను చెప్పేశాను. ఇక చాలు. నాతో మా ఇంటికే రా."

చప్పుడు ఆగింది. అతని కాళ్ల దగ్గర, మంచం అంచున, పరుపు కొంచెం కిందికి కుంగింది.