దానయ్య గంతలు

దానయ్య చివరి చెక్కపలకకు గరుకు ఉప్పుకాగితం అంటించి, అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఎక్కడా లేచినట్టు తగల్లేదు. అప్పుడుగాని తృప్తి కలగలేదు. రైలుపెట్టెలకు ముప్పై ఏళ్లు కిటికీలు బిగించిన చేతులవి. గోళ్లు చితికి, వేళ్లు వంకర్లు పోయాయి.

రాయపూర్ రైల్వే కాలనీ బడిలో ఆ ఏడు పంతులమ్మలకు మాంటిస్సోరి శిక్షణ మొదలైంది. పసిపిల్లలు తాకి నేర్చుకునే చెక్కసామాను చేసిపెట్టమని, మద్రాసులో చదివి వచ్చిన తాయారమ్మగారు రిటైరైన దానయ్యను పిలిచారు. ఆ పూటే అతడు మనసులో ఆమెకు దణ్ణం పెట్టుకున్నాడు. చెప్పనిదల్లా ఒకటే. ఆర్నెల్లుగా అతనికి వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించడం లేదు. చెబితే పని పోతుంది. చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చోవడం అతని వల్ల కాదు.

భార్య సూరమ్మ పొద్దున్నే బడి వరండాలో దింపి, సాయంత్రం తీసుకెళ్లేది. ముసలాయన్ని బడిలో వేసిందని కాలనీ అంతా నవ్వేది.

ఆ రోజు తాయారమ్మగారు పంతులమ్మల కళ్లకు గంతలు కట్టి, దానయ్య చేసిన పలకలను గరుకు నుంచి నునుపుకు వరసగా పేర్చమన్నారు. అప్పలనరసమ్మ వేళ్లతో రుద్దీ రుద్దీ ఒకటి తీసింది. ఆ చప్పుడు వరండాలో దానయ్య చెవిన పడింది. నోరు ఊరుకోలేదు.

"అది కాదమ్మా, పక్కది. బస్, అదే!"

అప్పలనరసమ్మ గంతలు పైకి లాగింది. "చూసి చెప్పేస్తన్నావు తాతా!"

"నానెక్కడ సూసినాను తల్లీ? నాకు కళ్లే అగుపడవు!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. తాయారమ్మగారి అడుగులు దగ్గరకొస్తుంటే, ఉలి తడుముకుని సంచిలో వేసుకోబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టారు.

"నెల్లాళ్లుగా చెబుతున్నా వీళ్లకు పట్టుబడటం లేదు. మీరు నేర్పండి, దానయ్యగారూ."

పుట్టి బుద్ధెరిగాక అతణ్ణి ఎవరూ గారూ అనలేదు. చాప మీద సర్దుకు కూర్చున్నాడు.

"మరి నాకూ గంతలు కట్టండమ్మగోరూ. అందరితోపాటే."

వానాకాలమంతా ఎనిమిదిమంది పంతులమ్మలు అతని పక్కన కూర్చుని చేత్తో చూడటం నేర్చుకున్నారు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం, పలక నునుపు చేస్తూ చేస్తూ దానయ్య గోడకు చేరగిలబడి, అలాగే వెళ్లిపోయాడు. తీసుకెళ్లడానికి వచ్చిన సూరమ్మ చాలాసేపు ఏడ్చి, తాయారమ్మగారికి చేతులు జోడించింది. "మా ముసిలోడు ఖుషీగా పోనాడమ్మా. మీ దయ."

బడి మళ్లీ తెరిచాక పంతులమ్మలు గోడ మేకులకున్న గంతలు ఎవరివి వాళ్లు తీసుకున్నారు. చివరి మేకుకు దానయ్యవి వేలాడుతున్నాయి, అతని తల కొలతకు వేసిన ముడి వేసినట్టే.