ఏడవనాటి తూకం

నేను ఒక వేలాడే త్రాసును. గుండ్రని ముఖం, ఎర్రని ముల్లు, కింద కొక్కెం, దానికి పసిబిడ్డలను పడుకోబెట్టే గుడ్డజోలె. ఇదే నా స్వరూపం. నన్ను చేసినచోట ఇనుపగుండ్లు తగిలించి, సరిగా ఉన్నానని ముద్ర వేశారు. ఇనుపగుండ్లకు ఆకలి వేయదన్న సంగతి అక్కడెవరూ చెప్పలేదు.

మొదట ఒక అధికారి బీరువాలో ఏడాది పడి ఉన్నాను. కొలిచే వస్తువును భద్రంగా దాచితే కొలిచినట్లేనని కొందరు మనుష్యుల విశ్వాసం. పిమ్మట బొబ్బిలి వైపు పల్లెలలో తిరిగే నర్సు వరాలమ్మ సంచిలో చేరాను. పురిటిళ్లలో మూడవనాడు, ఏడవనాడు బిడ్డను తూచడం ఆమె నియమం. పూజాపీఠం తుడిచే శ్రద్ధతో నా ముల్లును సున్నకు తెచ్చాకే బిడ్డను అందుకొనేది.

ఒక ఉదయం బంగారి అనే బాలింత ఇంట నన్ను దూలానికి తగిలించింది. బిడ్డకు ఏడవ రోజు. పుట్టినప్పటి బరువు రెండు కిలోల మూడు వందల గ్రాములు. బంగారి తల్లి అప్పయ్యమ్మ బిడ్డను చీరముక్కలో చుట్టి తెచ్చింది.

"గుడ్డ తియ్యనమ్మా. ఈదిలో ఎవులో సూత్తారు. దిష్టి తగిల్తే నువ్వు తీత్తావేటి?"

"గుడ్డ బరువూ కలిసిపోద్ది కదమ్మా!"

"ఈ సీరముక్కే ఇంకోటుంది. దాన్ని తూసి తీసెయ్యి. సదూకున్నదానివి, నాను సెప్పాలేటి?"

వరాలమ్మ నవ్వి, ఆ రెండవ ముక్కను వేలాడదీసి, నా ముల్లును సున్నకు సరిచేసింది. లెక్కలో లోపం లేదు. ఆ ముక్క తీసేసి బిడ్డను జోలెలో ఉంచింది. ముల్లు రెండు కిలోల మూడు వందల వద్ద నిలిచింది.

"సూసినావా, నా మనవడు తగ్గనేదు!" అంది ముసలమ్మ.

నాకు మాత్రం తేడా తెలిసింది. జోలెలో రెండు బరువులున్నాయి. ఒకటి మెత్తనిది. మరొకటి చల్లగా, గట్టిగా, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇనుము తోడుంటే పురిటిబిడ్డను గాలీధూళీ అంటవని అప్పయ్యమ్మ మడతలలో అడకత్తెర దాచింది. ప్రేమతోనే దాచింది. నేను అసత్యం చెప్పలేదు, కాని సత్యమూ చెప్పలేదు.

వరాలమ్మ కార్డులో అంకె వేసింది. "పాలు బాగా తాగుతున్నాడా?"

"నాలుగు గుక్కలు తాగి తొంగుంటన్నాడు. నేపినా నిద్దర నెగడు" అంది బంగారి.

"బుద్ధిమంతుడు, ఏడవనే ఏడవడు" అంది అప్పయ్యమ్మ మురిపెంగా.

వరాలమ్మ బిడ్డ పాదం తాకింది. చల్లగా ఉంది. అరికాలిపై వేలితో మీటింది. మళ్లీ మీటింది. పెదవి వంకర తిరిగిందే గాని ఏడుపు రాలేదు. ఆమె నా ముఖం చూసింది, పాదం పట్టుకొంది, మళ్లీ నన్నే చూసింది. నేను ఆ అంకెనే చూపుతున్నాను. అందరూ నన్ను నమ్మాలని నిత్యం ఈశ్వరుని వేడుకొన్న నేను, ఆ క్షణాన వరాలమ్మ నన్ను నమ్మరాదని వేడుకొన్నాను.

"గుడ్డ తీస్తున్నానమ్మా. దిష్టేదో నాకే తగలనీ!"

అడకత్తెర నేలపై ఠంగుమంది. ముల్లును సున్నకు తెచ్చి మళ్లీ తూచింది. సరిగ్గా రెండు కిలోలు. వారంలో మూడు వందల గ్రాములు కరిగిపోయాయి.

"నానే సంపీసినానేటమ్మా?" అని ముసలమ్మ కూలబడింది.

"ఏడుపు తరవాత! బంగారీ, వాడిని రవిక లోపల రొమ్ముకు అంటించుకో. ఆసుపత్రి దాకా తియ్యకు." అంటూనే వరాలమ్మ బండికి ఫోను చేసింది.

ఆ తొందరలో నన్ను మరచిపోయారు. తాళం వేసిన ఇంట పదకొండు రోజులు వేలాడాను. గాలికి ముల్లు కదిలినప్పుడల్లా ఏ కబురో వచ్చిందని ఉలిక్కిపడ్డాను. పన్నెండవనాడు తలుపు తెరచి అప్పయ్యమ్మ ఒంటరిగా వచ్చింది. నా కింద చతికిలబడి, చెంగుతో ముఖం తుడుచుకొంది. అడగడానికి నాకు నోరు లేదు.

ఇంతలో గుమ్మంలో వరాలమ్మ, వెనుక బంగారి, ఆమె చేతులలో బిడ్డ!

ముసలమ్మే లేచి బిడ్డ ఒంటిమీది గుడ్డంతా ఊడదీసింది. "ఈదంతా సూడనీ. తూయమ్మా!"

జోలెలో పడగానే వాడు కాళ్లు ఝాడిస్తూ ఇల్లెగిరిపోయేటట్లు ఏడ్చాడు.

"కదలకురా నాయనా, అంకె చూడనీ!" అంది వరాలమ్మ.

"ఏడవనీయమ్మా, ఏడవనీ" అంది అప్పయ్యమ్మ.

ఇప్పుడు అంకెలు వెలిగే కొత్త త్రాసు వచ్చింది. నేను పాత రిజిస్టర్ల పక్కన విశ్రమిస్తున్నాను. ఆనాడు ఆ బిడ్డ బరువెంతో నన్నడిగితే చెప్పలేను. వాడు నా ముల్లును క్షణమైనా నిలువనీయలేదు.