ఆగని కబురు

డాక్టరమ్మ మంచిదే. కాకపోతే మంచివాళ్ళు చెడు చెప్పేముందు గొంతు తగ్గిస్తారు చూడండి, అదంటే నాకు ఒళ్ళుమంట. ఆమె గొంతు తగ్గించగానే నాకు తెలిసిపోయింది, ప్రోస్టేట్ క్యాన్సర్ మళ్ళీ లేచిందని.

"హెబ్రోను గారూ, రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. పెరుగుతోందండీ."

"అదెట్టా మేడమ్? పోయినేడు బీజాలు రెండూ తీసేస్తిరి గదా. ఇంక హార్మోను రాదంటిరి. మరి అది దేన్ని తిని పెరగతాది?"

ఊరికే అడగలేదు. మా ఊరు కోట దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీలో నేను సూపర్వైజర్ని. తల్లిరొయ్యకు కన్ను నిలబడే కాడ ఒకదాన్ని నొక్కి తీసేయడం నా పని. ఆ కాడలో ఉండే గ్రంథి 'ఇప్పుడే గుడ్లు వద్దు' అని ఒంటికి కబురు పంపుతూ ఉంటుంది. కాడ తీసేస్తే కబురు ఆగుతుంది, రొయ్య గుడ్లు కడుతుంది. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి నన్ను మోసం చేయలేదు. అందుకే నాకు ఆపరేషన్ అన్నప్పుడు పెద్దగా వాదించలేదు. గ్రంథి తీస్తే హార్మోను ఆగుతుంది, హార్మోను ఆగితే క్యాన్సర్ ఆగుతుంది అనుకున్నాను. మగతనం పోతుందన్న ఏడుపేదో ఇంట్లోనే ఏడ్చుకున్నాను. ఊళ్ళోనూ చర్చిలోనూ మాత్రం వరిబీజం ఆపరేషన్ అని చెప్పాం. మా ఆవిడ ఆనందకుమారి అంత నిబ్బరంగా అబద్ధం ఆడగలదని నాకు అప్పుడే తెలిసింది.

"హార్మోను లేకుండా బతకడం నేర్చుకుందండీ," అంది డాక్టరమ్మ. "కణం లోపల రిసెప్టర్ అని ఒకటి ఉంటుంది. హార్మోను వచ్చి దాన్ని అంటుకుంటేనే 'పెరుగు' అనే కబురు వెళ్ళేది. ఇప్పుడు ఆ రిసెప్టరే మారిపోయింది. హార్మోను రాకపోయినా అదే కబురు పంపుతోంది. కాలింగ్ బెల్ స్విచ్ ఇరుక్కుపోతే ఎవరూ నొక్కకపోయినా మోగుతుంది కదా, అలాగ."

వేరే మాత్రలు ఉన్నాయట. కొన్నాళ్ళు ఆపుతాయట. ఆ తర్వాత అది ఇంకో దారి వెతుక్కోవచ్చట.

అంటే, నా ఒంట్లోంచి తీసింది తిరిగి రాదు. దేనికోసం తీశారో అది మాత్రం తిరిగి వచ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ కోపం లోపలే కూర్చుంది.

నేను లేస్తుంటే ఆమె అడిగింది. "మీకు అన్నదమ్ములున్నారా? వాళ్ళకూ వచ్చే అవకాశం ఎక్కువ. ముందుగా దొరికితే పూర్తిగా నయం చేయొచ్చు. తప్పకుండా తీసుకురండి."

ఉన్నాడు. ఆస్పత్రి బయటే ఉన్నాడు. మా అన్న దావీదు హేచరీ వ్యాను డ్రైవరు. రొయ్యపిల్లల్ని ఎక్కడో చెరువుల దగ్గర దింపి, తిరిగి వస్తూ నెల్లూరులో నాకోసం ఆగాడు. నేను చెకప్ అన్నాను, ఆయన సరే అన్నాడు. అంతకు మించి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ నడవదు.

హైవే ఎక్కామో లేదో బండి ఆపి ఒంటేలుకు దిగాడు. గూడూరు దాటాక మళ్ళీ ఆపాడు. సరుగుడు తోపు పక్కన అటు తిరిగి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. నాకూ మొదట్లో అట్లాగే ఉండేది. అంతసేపు నిలబడితే ఎంత వస్తుందో నాకు తెలుసు.

వ్యాన్లో నా వైపు అద్దం దిగదు. ఆపరేషన్ అయినప్పటినుంచి ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టు వేడెక్కుతోంది, అప్పుడు కూడా అదే పట్టుకుంది. చొక్కా తడిసిపోయింది. అన్నకు చెప్పాలంటే నాకు ఏం తీశారో చెప్పాలి. చెప్పకపోతే ఆయనా నాలాగే అవుతాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆయన వచ్చి కూర్చుని తాళం తిప్పబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, నాది వరిబీజం కాదు."

"తెలుసులేరా," అన్నాడు నా వైపు చూడకుండా. "డిసెంబరులో ఫ్యాను కింద కూచోని చెమటలు కక్కతా ఉంటివి. గడ్డం పలచబడిపోయె. వరిబీజానికి అయన్నీ వస్తాయంట్రా? మీ వదినకు కూడా తెలుసు."

ఏడాదిగా మేము అంత కష్టపడి ఆడిన అబద్ధం గతి అది. నాకు తల కొట్టేసినట్టయింది.

"అంత తెలిసినోడివి నువ్వు పోయి చూపించుకోకపోతివే?"

"చూపించుకున్నా. కోటలో డాక్టరు రక్తపరీక్ష చేసి నెల్లూరు పొమ్మన్నాడు. పోతే నీకు చేసిందే నాకూ చేస్తారు. అందుకే పోలా."

"నీకు ఇంకా మొదట్లోనే ఉందేమో అన్నా. అట్టయితే వేరే ఆపరేషన్ ఉంది, లేకపోతే రేడియేషన్ కరెంటు పెడతారు. నాకు చేసింది నీకు చేయాల్సిన పనే లేకపోవచ్చు. పూర్తిగా నయమవుతాదని డాక్టరమ్మే చెప్పింది."

అన్న చెయ్యెత్తి ఆపాడు. "అయన్నీ నాకు తెలవదు. ఒక్కటి చెప్పు. అంత పని చేయించుకుంటివే, నీకు జబ్బు పోయిందా, లేదా?"

నిజం చెబితే ఈ మనిషి ఇక ఆస్పత్రి గడప తొక్కడు. డాక్టర్లు ఎంతమంది ఏం చెప్పినా ఆయనకు అక్కర్లేదు. ఆయన చూసేది నన్ను.

"పోయింది," అన్నాను.

అన్న స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఎన్నాళ్ళుగా దాచుకున్నాడో, భుజాలు కదిలిపోయాయి. తర్వాత తుండుతో ముఖం తుడుచుకుని బండి తీశాడు. నా గుండె కుదుటపడింది, ఆయన మళ్ళీ నోరు తెరిచేదాకా.

"రేపే పోదాం. నీ డాక్టరమ్మ దగ్గరికే. నువ్వు నా పక్కనే కూచో. నీకు పోయిందని ఆమె నోటితో ఒక్కసారి చెప్పనీ, యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా."

సరే అన్నాను.